రక్తానికి ట్యూషన్

మా ఆయనకి సూదంటే భయం. ముప్ఫై ఏళ్ళు నిండు బస్సును ఇరుకు సందుల్లోంచి తిప్పిన మనిషి, నర్సు చేతిలో సూది కనబడితే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకోవడం కూడా మామూలుగా కాదు. రక్తం తీసేది ఆయనకి, కమిలిపోయేది నా మణికట్టు.

"అయిపోయిందా?" అన్నాడు కళ్ళు తెరవకుండా.

"ఇంకా గుచ్చనే లేదండీ," అంది నర్సు. "పిడికిలి బిగించమన్నాను గానీ ఆవిడ చెయ్యి నలిపెయ్యమనలేదు."

"నాకు అలవాటేలేమ్మా, నువ్వు కానియ్," అన్నాను.

నర్సు వరసగా సీసాలు నింపుతుంటే ఒక కన్ను తెరిచి చూశాడు. "ఇంత రక్తం ఏం చేసుకుంటారే వీళ్ళు?" అని నా చెవిలో అడిగాడు.

"డిపోలో డీజిల్ తక్కువైందట. పంపిస్తారు," అన్నాను. నర్సు నవ్వింది. ఆయన మాత్రం రెండో కన్ను కూడా తెరిచి నన్ను కొరకొరా చూశాడు.

ఆరు నెలల కిందట ఒక పొద్దున్న అద్దం ముందు గడ్డం గీసుకుంటూ రేజరు జారవిడిచాడు. వంగి తీసుకోబోతే కుడికాలు మడతపడింది. ఏమైందండీ అంటే ఏదో అన్నాడు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. కనబడ్డ బండి ఆపి ఆస్పత్రికి తీసుకెళ్తే, పక్షవాతం, మెదడులో రక్తనాళం పూడుకుపోయింది, వేళకి తెచ్చారు కాబట్టి గండం గడిచింది అన్నారు. ముందు నోరు తిరిగొచ్చింది. తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాలు. నన్నడిగి ఉంటే నోటిని ఆఖర్న పంపమనేదాన్ని.

డిపోలో ఆయన్ని అందరూ బ్రేకు బాబాయ్ అంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క కోడిపిల్ల మీదికి కూడా చక్రం ఎక్కించలేదు. ఆ మాట రోజుకొకసారి ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు. ప్రయాణికుడిగా బస్సెక్కినా డ్రైవరు వెనక సీటే కావాలి. అక్కడ కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు. రోడ్డు మీద ఎవరైనా అడ్డం వచ్చారంటే డ్రైవరు కంటే ముందే ఈయన కాలు నేలకి తగిలేది. "ఒక్క బస్సుకి ఇద్దరు డ్రైవర్లేమిటండీ, ఆయన్ని దిగిపొమ్మనండి పాపం," అని ఏడిపించేదాన్ని.

మంచం మీంచి లేచిన దగ్గర్నుంచి ఆయనకున్నది ఒకటే కోరిక. మళ్ళీ ఆ ముందు సీట్లో కూర్చోవాలి. అందుకు ఆస్పత్రి నుంచి డిపోకి ఒక కాగితం వెళ్ళాలి, ఈ మనిషి బస్సు నడపొచ్చు అని. ఆ కాగితం రాయాల్సింది డాక్టరమ్మ.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మాకు పెళ్ళయిన కొత్తలో పుట్టి ఉంటుంది. వైద్యంతో పాటు ఏదో పరిశోధన కూడా చేస్తోంది. పక్షవాతం వచ్చినవాళ్ళ రక్తం చూసి, వాళ్ళ మెదడులో తెల్ల పదార్థం ఎంత దెబ్బతిందో చెప్పగలమా అని. మమ్మల్ని కూడా చేరమంది. మెదడు ఫొటో తెర మీద పెట్టి మచ్చలు చూపించింది.

"తెల్ల పదార్థమా?" అన్నాడు మా ఆయన. "నా తలలో తెల్లగా ఉన్నది జుట్టొక్కటే అనుకున్నానే."

"జుట్టు పైన, ఇది లోపల," అంది ఆ అమ్మాయి నవ్వుతూ. "మెదడులో ఒక భాగం ఆలోచిస్తుంది. ఆ ఆలోచనని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసేది ఈ తెల్ల భాగం."

"అంటే రోడ్లన్న మాట."

"రోడ్లే. మీ రోడ్ల మీద అక్కడక్కడా గుంతలు పడ్డాయి."

"గుంతలుంటే మాత్రం? నా బస్సు ఏ రోజూ ఆగలేదు."

"ఆగదండీ. ఆలస్యంగా చేరుతుంది," అందామె. మా ఆయనకి ఆ మాట నచ్చలేదు. ఆలస్యం అన్న మాట ఆయనకి తిట్టు కింద లెక్క.

మరి రక్తంలో ఏం కనబడుతుందమ్మా అని నేనడిగాను. నరాల పోగులు దెబ్బతిన్నప్పుడు వాటిలో ఉండే ఒక రకం ప్రొటీను కొద్దికొద్దిగా రక్తంలోకి వచ్చేస్తుందట. లోపల వాపు ఉంటే దాన్ని చెప్పేవి వేరే ఉన్నాయట. అవన్నీ కొలుస్తుంది. ఇంకా పరిశోధనే, తేలిపోయిన సంగతి కాదు అని కూడా చెప్పింది. నేను బట్టలు కుట్టేదాన్ని. మిషన్ కింద రాలిన పీలికలు చూసి పైన ఎంత కత్తెర పడిందో చెప్పగలను. కాబట్టి నాకు అర్థమైంది.

ఆ మొదటిసారి రక్తంతో పాటు ఒక పరీక్ష కూడా పెట్టింది. అయిదు మాటలు చెప్పి, కాసేపు వేరే సంగతులు అడిగి, ఆ అయిదూ మళ్ళీ చెప్పమంది. తాళం, నిమ్మకాయ, రైలు, దుప్పటి, పసుపు. ఆయన రెండు చెప్పాడు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తే అన్ని చెప్పమంటే ఆవు, కుక్క, పిల్లి, మళ్ళీ ఆవు అన్నాడు. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటే అంకెలన్నీ ఒక పక్కనే కుక్కాడు, సాయంత్రం బస్సులో జనాన్ని ఎక్కించినట్టు. కొన్నాళ్ళయ్యాక ఇదే పరీక్ష మళ్ళీ పెడతాను, కాగితం సంగతి అప్పుడు చూద్దాం అంది.

ఆ గదిలో మాతో పాటు మా వదిన కూడా ఉంది. వచ్చిన చిక్కంతా అక్కడే.

మా వదినంటే మా ఆయన అక్క. ఆవిడ ఇల్లు పక్కవీధిలో, ఆవిడ ఉండేది మా ఇంట్లో. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు మా మేడ మీద గదిలో ట్యూషన్లు చెబుతోంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆవిడ దగ్గర చదివినవాళ్ళెవరూ ఫెయిలవలేదు, అవడానికి ఆవిడ ఒప్పుకోదు. అలాంటిది సొంత తమ్ముడికి అయిదుకి రెండు. ఇంటికి వచ్చాక చెప్పులు విడుస్తూ, "రేపట్నుంచి పొద్దున్నే వచ్చి కూర్చోరా," అంది.

"ఎక్కడికక్కా?"

"ట్యూషన్‌కి."

పరీక్షలో వచ్చిన ప్రశ్నలన్నీ ఆవిడకి నోటికి వచ్చేశాయి. టీచరు కదా, ప్రశ్నపత్రం ఒక్కసారి వింటే చాలు. ఇక మా ఇంట్లో తాళం, నిమ్మకాయ, రైలు, దుప్పటి, పసుపు. స్నానాల గదిలోంచి అవే, తింటూ అవే, నిద్దట్లో కూడా అవే. జంతువులకి ఆవిడ అక్షరమాల వరస పెట్టింది. అడవిపంది, ఆవు, ఉడుత, ఎలుక, ఏనుగు, ఒంటె. ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోరా, తర్వాత కంచరగాడిద అందుకో అనేది. గడియారాలు గీసి గీసి ఆయన నా కొలతల కాగితాలన్నీ పాడుచేశాడు. ఎవరి జాకెట్టు కొలతల వెనక చూసినా పదకొండూ పదే.

"వదినా, ఇది మెదడుకి పెట్టిన పరీక్ష. బట్టీపట్టే పరీక్ష కాదు," అన్నాను ఒకసారి.

"పరీక్షలన్నీ ఒకటే అమ్మాయ్," అందావిడ. "ఏం అడుగుతారో తెలిస్తే సగం పాసైనట్టే."

నేను కూడా అంతటితో ఊరుకున్నాను. ఎందుకంటే ఆయన ముఖం వెలుగుతోంది. నెలల తరబడి కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే బస్సుల నంబర్లు చదివిన మనిషి, ఇప్పుడు అక్క ముందు చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పి మెప్పులు పొందుతున్నాడు. యూనిఫాం చొక్కా కూడా తీసి, బొత్తాం ఊడిందే కుట్టు అని నా ఒళ్ళో పడేశాడు. చూసి ముచ్చటేసింది.

అయితే పాల సంగతి ఒకటుంది.

స్టవ్వు మీద పాలు పెట్టి, కాస్త చూస్తుండండి అని మిషన్ దగ్గరికి వెళ్తాను. "పొంగుతున్నాయే!" అని కేకేస్తాడు. కట్టెయ్యండి అంటాను. "ఆఁ, కట్టేస్తున్నా," అంటాడు. వచ్చి చూస్తే పాలు స్టవ్వు మీద, గట్టు మీద, ఆయన పాదాల మీద. చెయ్యి మాత్రం అప్పుడే కదులుతుంటుంది స్టవ్వు వైపు.

"చూడమన్నావు. చూశానుగా," అంటాడు.

"భలే చూశారు. పాలకి కూడా మీరంటే ఎంత ఇష్టమో, లేచి ఎదురొస్తున్నాయి," అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఒకసారా రెండుసార్లా? కళ్ళు ముందే చూస్తాయి, నోరు ముందే చెబుతుంది, చెయ్యే ఆలస్యం. నవ్వుతూనే తుడిచేదాన్ని. వంగి తుడుస్తున్నప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చేది కాదు.

సరే, మళ్ళీ మొదటికి వస్తాను. ఆ రోజు రక్తం తీయడం అయ్యాక స్కాన్ తీశారు. తర్వాత డాక్టరమ్మ గదిలో పరీక్ష. వదినని ఈసారి లోపలికి రానివ్వలేదు, అద్దం తలుపు అవతల కూర్చోబెట్టారు. కూర్చుందా? తలుపుకి ముక్కు ఆనించి నిలబడింది.

డాక్టరమ్మ అవే అయిదు మాటలు చదివింది. కాసేపయ్యాక అడిగితే మా ఆయన వెంటనే చెప్పలేదు. వెంటనే చెబితే అనుమానం వస్తుందని వదిన నేర్పింది. నుదురు రుద్దుకున్నాడు. పైకప్పు వైపు చూశాడు. ఏదో గుర్తుతెచ్చుకుంటున్నట్టు కళ్ళు చిట్లించాడు. తాళం అన్నాడు. మళ్ళీ రుద్దుకున్నాడు. నిమ్మకాయ అన్నాడు. ఆ నటన చూడలేక నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అయిదూ అయ్యాయి. జంతువులు అడవిపందితో మొదలై, ఒంటె దగ్గర ఊపిరి పీల్చుకుని, బారులు తీరి వచ్చాయి. గడియారం అచ్చు వేసినట్టు గీశాడు. అద్దం అవతల వదిన రెండు చేతులూ జోడించి ఎవరికో దణ్ణం పెట్టింది.

"అబ్బో! అన్నీ కరెక్టే," అంది డాక్టరమ్మ. అన్నదే గానీ ముఖంలో సంతోషం లేదు. తెర మీద కొత్త ఫొటో, పాత ఫొటో పక్కపక్కన పెట్టి చూసింది. "నాకు ఒక్కటే అర్థం కావడం లేదండీ. పోయినసారి మీ రక్తంలో ఆ ప్రొటీను ఎక్కువే ఉంది. దానికి తగ్గట్టే ఇప్పుడు తెల్ల భాగంలో మచ్చలు పెరిగాయి. రక్తం ఒక మాట చెబుతోంది, మీ నోరు ఇంకో మాట చెబుతోంది. ఇలా ఇంకా నలుగురు వచ్చారంటే నా పరిశోధన పప్పులో కాలేసినట్టే."

"మచ్చలుంటే ఏమిటమ్మా, మార్కులు వచ్చాయిగా," అన్నాడు మా ఆయన. "మరి నా కాగితం?"

ఆమె కాసేపు పెన్ను టకటకలాడించింది. తర్వాత నా వైపు తిరిగింది. "రాత్రీ పగలూ చూసేది మీరు. ఇంట్లో ఎలా ఉన్నారు? పనుల్లో నెమ్మది గానీ, ఆలస్యం గానీ ఏమన్నా గమనించారా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా ఎరుగుదురు. పాలు అన్న మాట నాలిక చివరికి వచ్చేసింది. ఆయన నా వైపు చూశాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. యూనిఫాం చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు. నేను కుట్టిన బొత్తాం దారం ఇంకా కొత్తగా ఉంది.

"బాగానే ఉన్నారమ్మా," అన్నాను.

"సరే. సాయంత్రం కూర్చుని కాగితం రాస్తాను," అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక వదిన తమ్ముడి బుగ్గ పుణికింది. చిన్నప్పుడు ఎక్కాలకి కూడా ఇంత బాగా అప్పజెప్పలేదురా అంది. ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. మింగేసిన ఆ పాల మాట నేను ఎవరితో చెప్పుకోను?

బస్సెక్కాం. డ్రైవరు వెనక సీట్లో ఎవరో కూర్చుని ఉంటే, "బాబూ, కొంచెం," అని లేపి మరీ కూర్చున్నాడు. పక్కన నేను, మా వెనక వదిన. డ్రైవరు ఈయనకి తెలిసినవాడే. "ఏం బాబాయ్, ఎప్పుడొస్తున్నావు?" అని అడిగాడు.

"వచ్చే వారమే. నా సీటు వేడిగా ఉంచు," అన్నాడు మా ఆయన.

కూరగాయల దుకాణాలు దాటి మలుపు తిరిగాం. చంకలో గొడుగు పెట్టుకున్న ఒక పెద్దాయన, చేతిలో ఉన్న సంచీలోకి చూసుకుంటూ, ఆగి ఉన్న లారీ వెనక నుంచి రోడ్డు మీదికి వచ్చేశాడు. "మనిషి!" అని అరిచాడు మా ఆయన. బస్సులో అందరికంటే ముందు చూసింది ఆయనే. డ్రైవరు బ్రేకు తొక్కాడు. అందరం ముందుకి తూలాం. బస్సు ఆగింది. పెద్దాయనకీ బస్సుకీ మధ్య జానెడు చోటుంది.

అప్పుడు వినబడింది, టప్పుమని. మా ఆయన కాలు నేలకి తగిలిన చప్పుడు.

బస్సు ఆగిన తర్వాత.

ఆయన తల వంచి తన కాలు వైపు చూసుకున్నాడు. అది ఇంకా నేలని గట్టిగా నొక్కుతోంది. పెద్దాయన డ్రైవర్ని రెండు తిట్లు తిట్టి, గొడుగు సర్దుకుని అవతలికి వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా మా ఆయన చూస్తూనే ఉన్నాడు.

"నేను నడుపుతుంటే ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళేవాడు కాదు కదే," అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను. "ఏవండీ, నేను చెప్పాల్సింది. ఆ పాలు..."

"తెలుసు," అన్నాడు. "పాలైతే తుడుచుకుంటాం."

అంతే. లేచి నిలబడి, "బాబూ, స్టాపులో ఆపు, దిగిపోతాం," అన్నాడు. ఇల్లు ఇంకా రాలేదు కదరా అంది వెనక నుంచి వదిన. "ఆస్పత్రికి పోవాలక్కా. పరీక్ష మళ్ళీ రాయాలి."

"వచ్చిన మార్కులు పోగొట్టుకుంటావా? నీకేమన్నా పిచ్చా?"

"అవి నా మార్కులు కావక్కా. నీవి," అన్నాడు. వదిన నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఆవిడ నోరు తనంతట తాను మూసుకోవడం చూసింది నేను ఆ ఒక్క రోజే.

డాక్టరమ్మ ఇంకా గదిలోనే ఉంది. మా ఆయన కుర్చీలో కూర్చోకుండానే అంతా చెప్పేశాడు. ట్యూషన్ సంగతి, నుదురు రుద్దుకునే సంగతి, పాల సంగతి, చివర్న కాలు సంగతి. చెబుతున్నంతసేపూ నేలచూపులే. ఆ అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అడవిపంది దగ్గరే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది అని తల పట్టుకుంది. ఏనుగుతో కూడా కాదు, అడవిపందితో ఎవరైనా మొదలుపెడతారా అంది.

"రక్తం ఒక్కటే నిజం చెప్పింది," అంది తర్వాత, తెర వైపు చూస్తూ.

"దానికి ట్యూషన్ చెప్పడం నాకు చేతకాలేదమ్మా," అంది తలుపు దగ్గర నుంచి వదిన, ఉక్రోషంగా. "సిలబస్ ఇచ్చి ఉంటే చెప్పేదాన్ని."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. తర్వాత వదినని తలుపు అవతలే ఉండమని, సొరుగులోంచి వేరే కాగితం తీసి, ఎప్పుడూ వినని అయిదు మాటలు చదివింది. మా ఆయన అక్క కనబడకుండా కుర్చీ తిప్పుకుని, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఈసారి నుదురు నిజంగానే రుద్దుకున్నాడు. చెమట పట్టింది. రెండు చెప్పాడు. మూడోది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అద్దం అవతల వదిన పెదవులు కదలకుండా పళ్ళ మధ్య బిగబట్టుకుని, కళ్ళు తుడుచుకుంటోంది. ఆ అయిదూ ఆవిడకి అప్పుడే వచ్చేసి ఉంటాయి.

"రెండు," అన్నాడు ఆయన లేస్తూ. "రాసేయండమ్మా. బస్సు నడపకూడదని కూడా రాసేయండి."

ఆ అమ్మాయి రాసింది. రాస్తూ, మందులు మానొద్దు, బీపీ పెరగనివ్వొద్దు, రోజూ నడవండి, ఇక ముందు పడే గుంతలైనా తగ్గుతాయి అని మెత్తగా చెప్పింది. ఆయన చిన్నపిల్లాడిలా తలూపాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగానే ఉంది. ఆయన దాన్ని దాటి వెనక్కి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని చెయ్యి ఇచ్చాను. సూదీ లేదు ఏమీ లేదు, అయినా మణికట్టు కమిలిపోయేలా పట్టుకున్నాడు. దారంతా ఏడ్చాడు.

ఇంటికి వచ్చాం. వదిన మెట్లెక్కి మేడ మీదికి పోయింది. నేను స్టవ్వు మీద పాలు పెట్టాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ విప్పుతున్నాడు.

"పొంగుతున్నాయే," అన్నాడు.

నేను కట్టేశాను. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

ఆయన గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బ్రేకు బాగానే పడింది," అన్నాడు.

"చూసేవాళ్ళు చూసి చెబితే ఎందుకు పడదు?" అన్నాను. "రేపు కూడా మీరే చెప్పాలి."

"ఆలస్యం కానివ్వను," అన్నాడు.